అంగట్లో చట్టం, జలసంధిలో తిమింగలం

సింగపూర్ లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు పొడవునా బంగారు కొట్లే. మంగళసూత్రం గొలుసు బేరమాడే మనవాళ్లు పనిలో పనిగా మనవడికి పులిగోరు ఉందేమో చూపించమంటారు. పిల్లవాడు జడుసుకోకుండా, దిష్టి తగలకుండా మెడలో పులిగోరు వేయడం మనకు తాతల నాటి అలవాటు. అసలైన పులిగోరు అమ్మడం అక్కడా నేరమే, ఇక్కడా నేరమే. కాబట్టి కొట్టువాడు చూపించేది పులిగోరు ఆకారంలో చేసిన బొమ్మ. దాన్ని ‘పులిగోరు డిజైన్’ అన్నంతవరకు ఇబ్బంది లేదు. ‘పులిగోరే’ అని నోటితో చెప్పినా, డబ్బా మీద రాసినా సింగపూర్ చట్టం ఆ మాటనే సాక్ష్యంగా పట్టుకుంటుంది. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జీవజాతుల దిగుమతి, ఎగుమతులపై 2006లో చేసిన చట్టం అది. ఫలానా జంతువు భాగం ఇందులో ఉందని ఎవరైనా చెప్పుకున్నా, చీటీ మీద కనిపించినా, ఆ వస్తువును ఆ జంతువు భాగంగానే లెక్కగట్టమని అందులో నిర్వచనం ఉంది.

తిమింగలాలకు సింగపూర్‌లో ప్రధానమైన కవచం కూడా ఈ చట్టమే. దీని బలమంతా ఎక్కడుందో బంగారు కొట్టులో కౌంటర్ దగ్గర నిలబడితే తెలుస్తుంది. ఒక వస్తువు ఉండాలి, దాన్ని అమ్మేవాడుండాలి, కొనేవాడుండాలి. ఈ మూడూ ఒకచోట చేరితే ఈ చట్టానికి వెయ్యి కళ్లు. 2022లో సవరించాక, అత్యంత రక్షిత జాతుల విషయంలో ఒక్కో వస్తువుకు లక్ష సింగపూర్ డాలర్ల దాకా జరిమానా, ఆరేళ్ల దాకా జైలు పడవచ్చు. ఏనుగు దంతం అమ్మకాన్ని 2021 సెప్టెంబరు నుంచి దేశంలో పూర్తిగా ఆపేశారు. అలాంటి దేశపు నీళ్లలో ఒక తిమింగలం చచ్చి తేలింది. అమ్మినవాడు లేడు, కొన్నవాడు లేడు.

2015 జులై 10న జురాంగ్ దీవి దగ్గర సముద్రంలో పెద్ద కళేబరం తేలుతోందన్న కబురు లీ కాంగ్ చియాన్ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి అందింది. వెళ్లి చూస్తే స్పెర్మ్ తిమింగలం. ఆడది, ఎదిగినది, పొడవు 10.6 మీటర్లు. సింగపూర్ నీళ్లలో ఆ జాతి నమోదు కావడం అదే మొదటిసారి. కళేబరాన్ని తువాస్‌కు లాక్కెళ్లారు. ఉష్ణమండలపు ఎండలో కుళ్లుతున్న టన్నుల కొద్దీ మాంసాన్ని కోసి, ఎముకలను విడదీసే పని రోజుల తరబడి నడిచింది. దేశం స్వాతంత్ర్య స్వర్ణోత్సవాలు జరుపుకుంటున్న ఏడాది కావడం, మ్యూజియం పేరులో ‘లీ’ ఉండడం కలిసొచ్చి దానికి ‘జూబీ లీ’ అని పేరు పెట్టారు. 2016 మార్చికి అస్థిపంజరం సిద్ధమైంది. లోతుల్లోకి మునుగుతున్నట్టు తల కిందికి వంచిన భంగిమలో దాన్ని వేలాడదీశారు. లిటిల్ ఇండియా స్టేషన్‌లో డౌన్‌టౌన్ లైన్ రైలెక్కి, బొటానిక్ గార్డెన్స్‌లో సర్కిల్ లైన్‌కు మారి, కెంట్ రిడ్జ్‌లో దిగితే యూనివర్సిటీ ఆవరణలోనే ఉంది ఆ మ్యూజియం. సెలవులకు సింగపూర్ వచ్చిన చుట్టాలను అందరూ సెంతోసాకే తీసుకెళ్తారు. ఒక పూట ఇక్కడికీ తీసుకెళ్లండి.

నిజానికి సింగపూర్‌కు తిమింగలం కొత్త కాదు. 1892లో మలక్కా దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన 42 అడుగుల తిమింగలం ఎముకలు 1907 నుంచి స్టాంఫర్డ్ రోడ్డులోని రాఫిల్స్ మ్యూజియంలో వేలాడేవి. రెండు మూడు తరాల పిల్లలు తలెత్తి నోరెళ్లబెట్టి చూసిన ఎముకలవి. 1974లో వాటిని మలేషియాకు ఇచ్చేశారు. కొత్త దేశానికి కర్మాగారాల మీదున్న ధ్యాస ఎముకల మీద లేని రోజులవి. నలభై ఏళ్ల తర్వాత తిమింగలమే వెతుక్కుంటూ వచ్చినట్టయింది.

ఎలా చచ్చిపోయిందన్నది జూబీ లీ వీపు మీదే రాసి ఉంది. నడుము భాగంలో పెద్ద గాయం, లోపల విరిగిన వెన్నుపూసలు. నౌక ఢీకొన్న దెబ్బ. కడుపులో 1,800కు పైగా స్క్విడ్ ముక్కులు దొరికాయి. స్క్విడ్ ఒళ్లంతా మెత్తన, నోటి దగ్గర మాత్రం చిలక ముక్కులాంటి గట్టి భాగం ఉంటుంది. అది అరగదు. ఆ ముక్కులను పోల్చి చూస్తే ఏ ఏ జాతుల స్క్విడ్‌లను తిన్నదో, అవి ఎంత లోతున బతికేవో తెలుస్తుంది. వాటి మధ్య ప్లాస్టిక్ చెత్త కూడా ఉంది. సింగపూర్, మలక్కా జలసంధుల్లో కొన్ని చోట్ల నీటి లోతు 25 మీటర్లు కూడా ఉండదు. స్పెర్మ్ తిమింగలం వేటకు దిగేది వందల మీటర్ల చీకట్లోకి, ఒక్కోసారి వెయ్యి మీటర్లు దాటి. ఊపిరి బిగబట్టి ముప్పావుగంట లోపలే ఉండి, పైకొచ్చి పది నిమిషాలు ఊపిరి తీసుకుని మళ్లీ దిగుతుంది. ఇలాంటి జీవికి ఈ లోతులేని కాలువలో ఏం పని? బయటెక్కడో లోతు నీటిలో మేసి, దెబ్బతిని ప్రవాహం వెంట ఇటు చేరినదే అయివుంటుంది. కొట్టిన ఓడ పేరు, ఏ దేశపు జెండా కింద తిరుగుతోంది, ఏ తారీఖున కొట్టింది అన్నవి ఏ దస్త్రంలోనూ లేవు. మూడు నాలుగు వందల మీటర్ల ఓడకు పదిమీటర్ల జంతువు తగిలితే పైనున్న సిబ్బందికి కుదుపు కూడా తెలియకపోవచ్చు.

ఇంతకూ ఆ రోజు చచ్చి తేలిన జంతువు చట్టం ముందు ఎవరు? ఒక జీవజాతికి చట్టపరమైన హోదా అంటే ఒకే చోట ఒకే ముద్ర అనుకుంటాం. స్పెర్మ్ తిమింగలం పేరు కనీసం అయిదారు జాబితాల్లో ఉంది. ఒక్కో జాబితాకు ఒక్కో పుట్టుక, ఒక్కో భయం. ఐయూసీఎన్ వాళ్ల రెడ్ లిస్ట్‌లో అది ‘హాని పొందే స్థితిలో ఉన్న’ జాతి. అందరూ ముందు ఉటంకించేది ఈ జాబితానే. కానీ అది చట్టం కాదు, శాస్త్రవేత్తల అంచనా. దాన్ని ఉల్లంఘించావని ఎవరి మీదా కేసు పెట్టలేరు.

కేసు పెట్టగల జాబితాల్లో ముందు చెప్పాల్సింది సైటిస్. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందమిది. దాని మొదటి అనుబంధంలో పేరుంటే వ్యాపారానికి తలుపు మూసినట్టే. స్పెర్మ్ తిమింగలానికి ఆ తలుపు మూసింది మన ఢిల్లీలోనే. 1981 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ జరిగిన సైటిస్ మూడో మహాసభలో స్పెర్మ్, సేయి, ఫిన్ తిమింగలాలను మొదటి అనుబంధంలోకి ఎక్కించారు. స్పెర్మ్ తిమింగలం విషయంలో జపాన్ తనకు ఈ నిర్ణయం వర్తించదని మినహాయింపు రాయించుకుంది. అలా రాయించుకునే వీలు ఒప్పందంలోనే ఉంది. ఇండియా సైటిస్‌లో 1976లోనే చేరింది. సింగపూర్ 1986 చివర్లో చేరింది. జంతు వ్యాపారానికి పెద్ద కూడలిగా పేరుపడ్డ రేవు అది, అంత ఆలస్యం అందుకే ఆశ్చర్యం కలిగించదు. సింగపూర్ చట్టంలోని జాబితా ఇప్పుడు సైటిస్ జాబితాకు ప్రతిబింబం. మన శేషాచలం కొండల ఎర్రచందనం కూడా అందులో ఉంది, రెండో అనుబంధం కింద. తిరుపతి అడవుల్లో నరికిన దుంగ, మహాసముద్రంలో చచ్చిన తిమింగలం పన్ను ఒకే చట్టం కింద, ఒకే అధికారుల చేతికి వస్తాయి. 2019 నుంచి ఆ బాధ్యత జాతీయ ఉద్యానవనాల సంస్థ ఎన్‌పార్క్స్‌ది.

రెండోది అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్. వేటగాళ్లు వేటను ‘క్రమబద్ధం’ చేసుకోడానికి 1946లో పెట్టుకున్న వ్యవస్థ అది. చివరికి వేటను ఆపే స్థితికి వచ్చింది. 1982లో వాణిజ్య వేటను నిలిపేయాలని తీర్మానించి, 1985-86 నుంచి అమలు చేసింది. అంతకు ముందే, 1979లో, సీషెల్స్ చొరవతో హిందూ మహాసముద్రాన్ని తిమింగలాల అభయారణ్యంగా ప్రకటించింది. భూమధ్యరేఖకు ఉత్తరాన ఆ అభయారణ్యం ఆఫ్రికా తీరం నుంచి 100 డిగ్రీల తూర్పు రేఖాంశం దాకా ఉంటుంది. విశాఖపట్నం సుమారు 83 డిగ్రీల దగ్గర, అంటే నిక్షేపంగా లోపల. సింగపూర్ 103.8 డిగ్రీల దగ్గర. జూబీ లీ దొరికిన చోటు గీతకు అవతల పడింది. పడినా పడకపోయినా దానికి ఒరిగేదేమీ లేదు. ఆ అభయారణ్యం ఆపేది హార్పూన్లను మాత్రమే. పైగా సింగపూర్ ఈ కమిషన్‌లో సభ్యదేశం కాదు. వలస జీవజాతుల ఒప్పందంలో స్పెర్మ్ తిమింగలం రెండు అనుబంధాల్లోనూ ఉంది, సింగపూర్ అందులోనూ లేదు.

ఇక మన దేశం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో స్పెర్మ్ తిమింగలం చాలాకాలం రెండో షెడ్యూల్‌లో ఉండేది. 2022 సవరణతో ఆరు షెడ్యూళ్లను నాలుగుకు కుదించినప్పుడు మొదటి షెడ్యూల్‌కు ఎక్కింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. పులికి ఏ హోదానో దీనికీ అదే హోదా. నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు. రక్షిత జంతువు చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తే ఆ కళేబరం ప్రభుత్వ ఆస్తి. 2023 జులై చివర్లో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి పాతిక అడుగుల తిమింగలం కొట్టుకొచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నీ సెల్‌ఫోన్లతో కదిలాయి. నీలి తిమింగలం అని వార్తలు వచ్చాయి. నీలి తిమింగలం పిల్ల పుట్టడమే ఇరవై మూడు అడుగులుంటుంది. కాబట్టి ఒడ్డున పడ్డది అయితే పసిగుడ్డు, కాకపోతే వేరే జాతి. పక్కన నిలబడి ఫొటో దిగితే ఫర్వాలేదు. జ్ఞాపకంగా ఎముక ముక్క ఇంటికి తెచ్చుకుంటే మాత్రం మొదటి షెడ్యూల్ నేరం.

ఇన్ని జాబితాలు ఎందుకు పుట్టాయో ఒక్క అంకె చాలు చెప్పడానికి. ఇరవయ్యో శతాబ్దంలో ప్రపంచమంతా కలిసి చంపిన తిమింగలాలు దాదాపు 29 లక్షలు, వాటిలో స్పెర్మ్ తిమింగలాలే 7,60,000కు పైన. అంతకు ముందు రెండు శతాబ్దాల తెరచాప ఓడల వేట ఇందులో కలవలేదు. ఆ జంతువు నుదుటి నిండా మైనంలాంటి నూనె ఉంటుంది. లోతుల్లో చీకట్లో శబ్దాన్ని గురిపెట్టి వదిలి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో స్క్విడ్‌ను వెతకడానికి ప్రకృతి ఇచ్చిన సాధనం అది. మనుషులకు అది పొగరాని కొవ్వొత్తిగా కనిపించింది. బ్రిటన్‌లో 1860 నాటి చట్టం వెలుగును కొలిచే ప్రమాణాన్నే ఈ నూనెతో చేసిన కొవ్వొత్తి మీద నిలబెట్టింది: పౌండులో ఆరో వంతు బరువు, గంటకు 120 గ్రెయిన్ల చొప్పున కాలాలి. వీధి దీపాల గ్యాసు నాణ్యతను కొలవడానికి తిమింగలం తలలోని నూనె! ఆ తర్వాత యంత్రాలకు కందెనగా వాడారు. పెట్రోలియం వచ్చి తిమింగలాలను కాపాడిందని ఒక ముచ్చట ప్రచారంలో ఉంది. అది సగం కూడా నిజం కాదు. పెట్రోలియంతో నడిచే ఇంజన్ ఓడలు వచ్చాకే అసలు ఊచకోత జరిగింది.

2022లో వెలువడిన ఒక అధ్యయనం వేట మొదలవక ముందు ఈ జాతి సంఖ్యను సుమారు 19.5 లక్షలుగా, ఇప్పటి సంఖ్యను 8.4 లక్షలుగా అంచనా కట్టింది. ఈ అంకెల్లో చట్టం గెలుపు కనిపిస్తుంది. నిషేధం పెట్టాక సంఖ్య పడిపోవడం ఆగింది. కొన్ని సముద్రాల్లో మెల్లగా పెరుగుతోంది కూడా. ఎంత మెల్లగా అంటే, ఏడాదికి నూటికి ఒకటి పెరిగితే గొప్ప. ఆడది తొమ్మిదేళ్లకు గానీ ఈడుకు రాదు. కడుపు మోసేది పద్నాలుగు నెలలకు పైనే. కాన్పుకూ కాన్పుకూ మధ్య నాలుగు నుంచి ఆరేళ్లు. ఇలాంటి జాతిలో ఎదిగిన ఒక్క ఆడదాన్ని పోగొట్టుకుంటే ఆ లోటు పూడడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్కేసుకోవచ్చు. జూబీ లీ ఎదిగిన ఆడదే.

చట్టం ఎంత గట్టిగా పట్టుకున్నా ఒక సరుకు దగ్గర మాత్రం తడబడుతుంది. సింగపూర్‌లో అత్తరు కొట్ల ముందు నుంచి నడుస్తుంటే చిన్న చిన్న సీసాల మీద ‘అంబర్’ అన్న పేరు కనిపిస్తుంది. చౌకగా దొరికే ఆ అంబర్‌కు తిమింగలంతో పని లేదు. చెట్ల జిగురు, రెసిన్లు కలిపి చేసే పరిమళం అది. అసలు అంబర్‌గ్రిస్ వేరు. జూబీ లీ కడుపులో దొరికిన స్క్విడ్ ముక్కుల్లాంటివే దాని మూలం. మామూలుగా తిమింగలం వాటిని ఎప్పటికప్పుడు కక్కేస్తుంది. కొన్ని మాత్రం పేగుల్లోకి జారి గుచ్చుకుంటాయి. వాటి చుట్టూ మైనంలాంటి పదార్థం పేరుకుని గడ్డ కడుతుంది. ఇలా జరిగేది నూటికి ఏ కొద్ది తిమింగలాల్లోనో. బయటపడిన గడ్డ ఏళ్ల తరబడి ఉప్పునీటిలో, ఎండలో నాని, దుర్వాసన పోయి సువాసన తేలుతుంది. మన పత్రికలు దీన్ని ‘తిమింగలం వాంతి’ అని రాసి, పక్కన కోట్ల రూపాయల ధర వేస్తాయి. ఆ ధర చదివే సగం మంది చేపల వేటగాళ్లు నేరంలో ఇరుక్కుంటున్నారేమోనని నా అనుమానం.

ఎందుకంటే చచ్చిన జంతువు నుంచి కోయకుండా, సముద్రం ఒడ్డుకు తోసిన గడ్డను సైటిస్ పట్టించుకోదు. జంతువు సహజంగా విసర్జించిన వ్యర్థంగా లెక్కగట్టి వదిలేసింది. బ్రిటన్‌లో తీరాన దొరికితే అమ్ముకోవచ్చు. అమెరికాలో కుదరదు, ఇండియాలో అసలే కుదరదు. ఒకే గడ్డ ఒక తీరంలో అదృష్టం, ఇంకో తీరంలో నాన్‌బెయిలబుల్ కేసు. ఇండియా వైపు వాదన తీసిపారేయదగ్గది కాదు. అమ్మకానికి అనుమతిస్తే, ఒడ్డున ఏరుకున్నదేదో, చంపి పేగు కోసి తీసిందేదో చూసి చెప్పడం కష్టం. కానీ అంబర్‌గ్రిస్ కోసం మన తీరంలో ఎవరూ తిమింగలాన్ని చంపడం లేదు. వంద తిమింగలాలను కోస్తే ఏ ఒకటి రెండింట్లోనో దొరికే దాని కోసం నడిసముద్రంలో వేటకు దిగే నాటు పడవ ఎక్కడుంది? సువాసనల పరిశ్రమ కూడా 1950ల నుంచే ఒక సేజ్ మొక్క నుంచి తీసిన పదార్థంతో అలాంటి వాసనను తయారు చేసుకుంటోంది. అయినా మన అటవీశాఖ, పోలీసులు తిమింగలం పేరిట పెట్టే కేసుల్లో తరచూ కనిపించేది ఈ గడ్డే. కారణం సులువు. గడ్డను పట్టుకోవచ్చు, తూకం వేయవచ్చు, మేజా మీద పెట్టి విలేకరులకు చూపించవచ్చు.

నౌకను అలా పట్టుకోలేరు. సింగపూర్ బతుకే దాటిపోయే సరుకు మీద నడుస్తుంది. అక్కడి చట్టానికి ఆ ‘దాటిపోవడం’ ఎంత పెద్ద చిక్కో ఒక దుంగల కేసులో బయటపడింది. 2014 మార్చిలో మడగాస్కర్ నుంచి జురాంగ్ రేవుకు వచ్చిన 29,434 రోజ్‌వుడ్ దుంగలను అధికారులు పట్టుకున్నారు. రక్షిత కలప, దస్తావేజుల మీద అనుమానాలు. కింది కోర్టు వదిలేసినా హైకోర్టు శిక్ష వేసింది. 2019లో సింగపూర్ అత్యున్నత న్యాయస్థానం ఆ శిక్షను కొట్టేసింది. సరుకు సింగపూర్‌లో ఉండిపోవడానికి కాదు, వేరే చోటికి వెళ్లిపోవడానికే వచ్చింది కాబట్టి దాన్ని దిగుమతి అనలేమన్నది తీర్పు సారాంశం. చదివినప్పుడు కోపం వస్తుంది, కానీ చట్టం భాషకు అది అసంగతమైన తీర్పు కాదు. కౌంటర్ మీద నిలిచిన వస్తువు కోసం రాసిన చట్టం కదలిపోయే వస్తువు దగ్గర పట్టు సడలుతుంది. మరి దుంగను మోసే ఓడ దగ్గరికొస్తే?

సముద్ర న్యాయ ఒప్పందం మీద 1982లో సంతకాలయ్యాయి. ఆ చర్చలకు చివర్లో అధ్యక్షత వహించింది సింగపూర్ దౌత్యవేత్త టామీ కో. జలసంధుల గుండా ఏ దేశపు నౌకైనా ఆటంకం లేకుండా దాటిపోవచ్చునన్న హక్కు ఆ ఒప్పందంలో ఉంది. రేవు మీద బతికే చిన్న దేశానికి అది ఊపిరి. అదే ఒప్పందంలో తిమింగలాల సంరక్షణకు దేశాలు సహకరించాలని కూడా ఉంది. మొదటిది హక్కు, రెండోది సహకారం. కోర్టులో రెంటినీ పక్కపక్కన పెడితే ఏది నిలబడుతుందో చెప్పనక్కర్లేదు. నలభై ఏళ్ల తర్వాత, 2023 మార్చి 4న, ఏ దేశానికీ చెందని నడిసముద్రపు జీవరాశి కోసం కొత్త ఒప్పందం కుదిరింది. ఆ సభకూ అధ్యక్షురాలు సింగపూర్ దౌత్యవేత్తే, రెనా లీ. ఓడ తీరం చేరిందని ఆవిడ ప్రకటించగానే సభంతా లేచి చప్పట్లు కొట్టింది. నిజమైన ఓడల రాకపోకల నియమాలు మాత్రం ఆ ఒప్పందం పరిధిలోకి రావు. వాటిని చూసుకునేది అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ఐఎంఓ.

2024లో సింగపూర్ రేవు 20 అడుగుల కంటైనర్ల లెక్కన 4.1 కోట్లు దింపి ఎక్కించింది. రెండు మూడు నిమిషాలకొక నౌక రావడమో పోవడమో జరుగుతుంది. ఏ క్షణాన చూసినా వెయ్యి నౌకలు ఆ నీళ్లలో ఉంటాయి. టెక్కా మార్కెట్‌లో, బఫలో రోడ్డు కొట్లలో మనం సంచిలో వేసుకునే కందిపప్పు, సోనా మసూరి, ఎండుమిర్చి ఈ కంటైనర్లలో వచ్చినవే. బంగాళాఖాతం దాటి, మలక్కా జలసంధిలో దూరి, ఇక్కడ దిగుతాయి. ఇక సూయజ్ వైపు నుంచి సింగపూర్‌కు వచ్చే నౌకలన్నీ శ్రీలంక దక్షిణ కొస, దొండ్రా దగ్గరగా మలుపు తిరుగుతాయి. అక్కడే ఏడాది పొడవునా నీలి తిమింగలాలు మేస్తాయి. ప్రపంచంలోకెల్లా రద్దీ నౌకా మార్గాల్లో ఒకటి, అన్నిటికంటే పెద్ద జంతువు, రెండూ ఒకే నీళ్లలో. 2022లో ఎంఎస్‌సీ అనే నౌకా సంస్థ తన ఓడలను అక్కడ 15 నాటికల్ మైళ్లు దక్షిణానికి జరిపింది. చట్టం చెప్పినందుకు కాదు, తనకు తానుగా. అధికారికంగా దారి మార్చాలంటే తీరదేశమే ఐఎంఓను అడగాలి.

ఢీకొట్టుడు విషయంలో శాస్త్రం చాలా స్పష్టంగా ఉంది. 2007లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం నౌక 8.6 నాట్ల వేగంలో కొడితే తిమింగలం చచ్చే అవకాశం నూటికి ఇరవై. 15 నాట్లకు అది నూటికి ఎనభై దగ్గరికి చేరుతుంది. అమెరికా 2008లో తన తూర్పు తీరంలో రైట్ తిమింగలాల కోసం కొన్ని ప్రాంతాల్లో, కొన్ని నెలల్లో, 65 అడుగులు, ఆపై పొడవున్న నౌకలకు 10 నాట్ల హద్దు పెట్టింది. మధ్యధరా వాయవ్య భాగంలో 2023లో ఐఎంఓ 10 నుంచి 13 నాట్ల వేగాన్ని సూచించింది, ఇష్టమైతే పాటించమంటూ. దారి మార్చడం, వేగం తగ్గించడం, ఈ రెంటికి మించి మందు లేదు. స్పెర్మ్ తిమింగలానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. లోతు నుంచి పైకొచ్చాక ఊపిరి కోసం నీటి మీద కదలకుండా ఉండిపోతుంది. కొన్నిసార్లు నీళ్లలో నిట్టనిలువుగా నిలబడి నిద్రపోతుంది. ఎంతలా అంటే దగ్గరికొచ్చిన పడవ తగిలేదాకా మేలుకోని తిమింగలాలను 2008లో పరిశోధకులు నమోదు చేశారు.

ఓడల వేగానికి కళ్లెం వేయడం తమ ప్రాంతంలో కుదరదని సింగపూర్, మలేషియా, ఇండోనేషియా అనలేవు. ఈ జలసంధుల్లో రాకపోకలను రెండు దారులుగా విడదీసిన పద్ధతి 1981 నుంచి అమల్లో ఉంది. పెద్ద నౌకలన్నీ తమ ఉనికిని తప్పనిసరిగా తెలియజేయాలన్న నియమం 1998లో వచ్చింది. లోతుగా మునిగి సాగే భారీ ట్యాంకర్లు కొన్ని భాగాల్లో, ఫిలిప్ చానల్‌తో సహా, 12 నాట్లకు మించి వెళ్లకూడదని కూడా ఉంది. మూడు తీరదేశాలు కలిసి ఐఎంఓ ముందు పెట్టి తెచ్చుకున్న ఏర్పాట్లివి. ఓడ అడుగు నేలకు తగలకూడదని, రెండు ఓడలు గుద్దుకోకూడదని, చమురు ఒలికి తీరం పాడవకూడదని వాటిని రాశారు. ఆ నియమాల పుస్తకంలో ఓడ కింద మిగలాల్సిన నీటి లోతు, దీపాల రంగు, రేడియో చానళ్ల నంబర్లు ఉన్నాయి. తిమింగలం పేరు లేదు.